రోజుకు రెండు నిమిషాల కరెంటు

కర్నూలులో బయల్దేరిన 40వ నెంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డ దాటాక చాగలమర్రికి వస్తుంది. అదే రోడ్డు పట్టుకుని కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా పోతే చివర రాణిపేట, దాని పక్కనే వేలూరు. చాగలమర్రి మనిషికి పెద్దజబ్బు వస్తే ఎటు పోవాలన్నా ఈ రోడ్డే దిక్కు. పైకి పోతే కర్నూలు పెద్దాసుపత్రి, అక్కడి మెడికల్ కాలేజీ దగ్గర వచ్చిన స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. కిందికి పోతే తిరుపతి, వేలూరు. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరడం ఒకటి రెండు రోజులైతే ఎట్లో ఓర్చుకుంటారు. వారాల తరబడి అంటే కూలీనాలీ చేసుకునే ఇంట్లో అయ్యే పని కాదు.

ఈ ఊరి నుంచి ఒకామె బయల్దేరిందనుకుందాం. యాభైకి దగ్గర పడిన మనిషి, పత్తి తీతకూ పసుపు తవ్వకానికీ పోయే మనిషి. రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. రొమ్మునంతా తీయకుండా గడ్డను మాత్రం చుట్టూ కొంత కండతో సహా తీసేశారు. అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు కూడా వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు డాక్టరమ్మ అంటుంది: ‘‘ఇంక కరెంటు పెట్టాలమ్మా.’’ కరెంటు అంటే ఇక్కడ రేడియేషన్.

ఆమెకు రెండు అనుమానాలు వస్తాయి. గడ్డే తీసేశాక ఇంక కరెంటు దేనికి? పెట్టేదేదో ఒకేసారి పెట్టి పంపక, రోజుకు రెండు నిమిషాల చొప్పున వారాలపాటు ఎందుకు? రెండూ తెలివైన ప్రశ్నలే. మొదటిదానికి గట్టి జవాబు 1980ల్లో దొరికింది. రెండోదానికి డాక్టర్లు వందేళ్లుగా జవాబు వెతుకుతున్నారు. ఆ జవాబు మన కళ్లముందే మారుతోంది కూడా.

గడ్డ పోయాక మిగిలేది

సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. చేతికి తగిలేదీ, స్కానులో కనిపించేదీ ఆ స్థాయికి చేరినవే. పక్కకు జారిపోయిన వెయ్యో రెండు వేలో కణాల గుంపును ఏ స్కానూ పట్టలేదు. సర్జన్ కత్తి కనిపించినదాన్ని తీస్తుంది. మిగిలినదాన్ని ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివర్లో ఈ చిక్కుకు తనదైన పరిష్కారం చెప్పాడు. అనుమానం ఉన్న చోటంతా తీసేయడమే. రొమ్ము, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నీ. ఆ ఆపరేషన్ అయ్యాక చెయ్యి సరిగా లేవదు, పక్కటెముకల మీద చర్మం తప్ప ఏమీ ఉండదు. అయినా దాదాపు 80 ఏళ్లు అదే పద్ధతిగా సాగింది. లండన్‌లో జెఫ్రీ కీన్స్ అనే సర్జన్ (ఆర్థికవేత్త కీన్స్ తమ్ముడే) 1920లు, 30ల్లో రొమ్మును ఉంచి, అందులో రేడియం సూదులు గుచ్చి మంచి ఫలితాలు చూపించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఆ పని ఆగిపోయింది.

రొమ్ము తీయాలా ఉంచాలా అన్న వాదన తేలాలంటే మాటలతో కాదు, వేలమందిని పోల్చి చూడాలి. ఇటలీలో ఉంబెర్టో వెరోనేసి 1973లో, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ 1976లో ఆ పనికి పూనుకున్నారు. ఫిషర్ బృందం 1,851 మంది మహిళలను మూడు జట్లుగా చేసింది. ఒక జట్టుకు రొమ్మంతా తీశారు, ఒక జట్టుకు గడ్డ మాత్రమే తీశారు, మరో జట్టుకు గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్లు గడిచాక చూస్తే, బతికిన వాళ్ల సంఖ్యలో మూడు జట్ల మధ్యా తేడా కనిపించలేదు. కానీ గడ్డ ఒక్కటే తీసి ఊరుకున్న వాళ్లలో 100కి 39 మందికి అదే రొమ్ములో క్యాన్సర్ తిరగబెట్టింది. రేడియేషన్ తీసుకున్న వాళ్లలో 14 మందికే. ఆ తేడా అంతా కంటికి కనపడని కణాల గుంపులదే.

రొమ్ములో తిరగబెట్టడం ఆగితే చాలదు, ప్రాణం దక్కాలి కదా అంటారు. 17 పరిశోధనల్లో పాల్గొన్న 10,801 మంది వివరాలను ఒకచోట చేర్చి 2011లో ప్రకటించిన విశ్లేషణ దానికీ జవాబిచ్చింది. రేడియేషన్ వల్ల ఆగిన ప్రతి నాలుగు తిరగబాట్లకూ సుమారు ఒక ప్రాణం నిలబడింది.

రొమ్మంతా తీయించుకుంటే కరెంటు బాధ తప్పుతుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అన్నిసార్లూ కాదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంక గ్రంథుల్లోకి జబ్బు పాకినా, రొమ్ము తీసేసిన తర్వాత కూడా ఛాతీ గోడకు రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది. ఆలస్యంగా ఆసుపత్రికి చేరేవాళ్లే ఎక్కువైన మన దగ్గర ఇలాంటివాళ్లు తక్కువేం కాదు.

కాలదు, షాకు కొట్టదు

కరెంటు పెట్టడం అంటే ఏదో కాలుస్తారని చాలామంది భయం. లెక్క చూస్తే నవ్వొస్తుంది. రేడియేషన్ మోతాదును గ్రే అనే కొలతలో చెబుతారు. పాత పద్ధతిలో రోజుకు 2 గ్రేలు ఇచ్చేవాళ్లు. ఆ శక్తితో ఒంటి వేడి డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. నెలరోజుల మోతాదు మొత్తం కూడినా జ్వరమానిలో గీత కదలదు. మరి అంత తక్కువ శక్తి క్యాన్సర్ కణాన్ని ఎలా చంపుతోంది?

శక్తి ఎంతన్నది కాదు, ఎక్కడ తగులుతోందన్నది ముఖ్యం. ఎక్స్ కిరణం కణంలోంచి పోతూ ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అవి దారిలో ఉన్న నీటి అణువులను తునకలు చేస్తాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఈ తునకలకు కొదవ లేదు. అవి మహా చురుకైనవి, క్షణంలో కోటానుకోట్లో వంతు మాత్రమే బతికి, పక్కనున్న డీఎన్ఏను కొరికేస్తాయి.

డీఎన్ఏ రెండు పేటలు పెనవేసిన పగ్గం లాంటిది. ఒక పేట తెగితే రెండో పేటను చూసుకుంటూ కణం సులువుగా అతికేసుకుంటుంది. రెండు పేటలూ ఒకేచోట తెగితేనే చిక్కు. చూసి పేనడానికి ఎదురుగా పేట ఉండదు, అతుకు తప్పుగా పడుతుంది. ఒక గ్రే మోతాదుకు ఒక్కో కణంలో వెయ్యి దాకా ఒంటి పేట తెంపులూ, 40 దాకా జంట తెంపులూ పడతాయని అంచనా. చంపేది ఆ నలభైయే.

అయితే దెబ్బ తిన్న కణం అప్పటికప్పుడు చావదు. తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. రెండుగా విడిపోబోయినప్పుడు, తప్పుగా అతికిన పోగులు చిక్కుపడి, అప్పుడు చస్తుంది. అందుకే మొదటి వారం ఏమీ తెలియదు. రెండు మూడు వారాలకు చర్మం నల్లబడటం, దురద మొదలవుతాయి. చర్మం అడుగు పొరలోని కణాలు అప్పుడు విడిపోయే ప్రయత్నంలో పడ్డాయన్నమాట. రోజువారీ రేడియేషన్ సిట్టింగులు అయిపోయాక కూడా వారం పది రోజులు చర్మం ఇంకా మొండికేయడానికి కారణం ఇదే. చాలామంది అప్పుడే కంగారు పడి ఫోన్లు చేస్తారు.

పొట్టేళ్ల మీద పరీక్ష

ఇక రెండో ప్రశ్న, ఒకేసారి ఎందుకు పెట్టరు అన్నది. మొదట్లో అలాగే పెట్టేవాళ్లు. రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టింది 1895 నవంబరులో. మూడు నెలలు తిరగకుండానే, 1896 జనవరిలో షికాగోలో రొమ్ము క్యాన్సర్ రోగికి వాటితో చికిత్స చేశానని ఎమిల్ గ్రుబ్ చెప్పుకున్నాడు. ఆ తొలినాళ్లలో పెద్ద మోతాదులకు గడ్డలు కరిగేవి, వాటితోపాటు చర్మం ఊడి పుండ్లు పడేవి.

దారి చూపింది పొట్టేళ్లు. పారిస్‌లోని రేడియం ఇన్‌స్టిట్యూట్‌లో క్లోడియస్ రెగో అనే శాస్త్రవేత్త 1920ల్లో పొట్టేళ్ల వృషణాల మీద ప్రయోగాలు చేశాడు. కారణం ఉంది. వీర్యకణాలు పుట్టించే కణాలు క్యాన్సర్ కణాల్లాగే ఎడతెగకుండా విడిపోతుంటాయి. పైనున్న తోలు మామూలు చర్మం. ఒక్క మోతాదులో ఆ కణాలను చంపబోతే పైతోలు కుళ్లిపోయింది. అదే మోతాదును రోజుల మీద పంచి ఇస్తే, తోలు నిలిచింది, పొట్టేలు గొడ్డుపోయింది. చంపాలనుకున్నది చచ్చింది, కాపాడాలనుకున్నది బతికింది.

ఎలాగంటే, రెండు సిట్టింగుల మధ్య దొరికే గడువులో మామూలు కణాలు తెగిన పేటలను చాలావరకు అతికేసుకుంటాయి. హడావుడిగా విడిపోయే కణాలకు ఆ తీరిక ఉండదు. రోజుకో చిన్న దెబ్బ వేసుకుంటూ పోతే వారం తిరిగేసరికి రెంటి మధ్యా తేడా పెరుగుతూ పోతుంది. పారిస్‌లోనే హెన్రీ కుటార్ ఈ పద్ధతిని గొంతు క్యాన్సర్లకు వాడి ఫలితాలు రాబట్టాడు. అక్కణ్నుంచి ‘రోజుకు కొంచెం, వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు’ అన్నది రేడియేషన్ వైద్యంలో వేదవాక్కయింది. రొమ్ము క్యాన్సర్‌కు రోజుకు 2 గ్రేలు, 25 రోజులు, మొత్తం 50 గ్రేలు.

కర్నూలులో చదివిన డాక్టరు

ఈ శాస్త్రం రేడియం సూదుల నుంచి కంప్యూటర్ల దాకా మారడాన్ని ఒక్క ఉద్యోగ జీవితంలో చూసినవాళ్లు మనవాళ్లలోనే ఉన్నారు. డాక్టర్ నోరి దత్తాత్రేయుడు 1947లో కృష్ణా జిల్లా మంటాడలో పుట్టారు. ఎంబీబీఎస్ చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలో, పై చదువు ఉస్మానియాలో. 1970ల్లో న్యూయార్క్ వెళ్లి, మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతి అయ్యారు. బాసిల్ హిలారిస్, లోవెల్ ఆండర్సన్‌లతో కలిసి 1988లో బ్రాకీథెరపీ మీద ఒక అట్లాస్ వెలువరించారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. తన జీవితాన్ని ‘ఒదిగిన కాలం’ పేరుతో తెలుగులో రాసుకున్నారు.

బ్రాకీథెరపీ అంటే రేడియేషన్‌ను బయటినుంచి కాక, గడ్డ ఉన్న చోటే పెట్టి ఇవ్వడం. దాని బలమంతా ఒక చిన్న సూత్రంలో ఉంది. మూలం నుంచి దూరం రెండింతలైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతుకు. గడ్డ తీసిన గుంతలో మూలాన్ని పెడితే అక్కడ గట్టి మోతాదు పడుతుంది, నాలుగు వేళ్ల అవతల ఉన్న గుండెకు చేరేది స్వల్పం. వెనకటి డాక్టర్లు రేడియం సూదులను చిమటాలతో పట్టుకుని గుచ్చేవాళ్లు. రోగికి పడే కిరణాలు వాళ్ల చేతులకూ పడేవి. న్యూయార్క్ మెమోరియల్‌లోనే ఉల్‌రిచ్ హెన్ష్‌కే దీనికి విరుగుడు తీర్చిదిద్దాడు. ముందు ఖాళీ గొట్టాలు అమర్చి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకున్నాకే మూలాన్ని లోపలికి పంపడం. ఇప్పుడు ఆ పంపే పని కూడా పక్కగదిలోంచి యంత్రమే చేస్తుంది. రేడియం పోయి ఇరిడియం వచ్చింది. దాని బలం 74 రోజుల్లో సగానికి తగ్గుతుంది కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి.

రొమ్ము విషయంలో దీని అవసరం ఏమిటంటే, తిరగబెట్టే క్యాన్సర్ ఎక్కువగా పాత గడ్డ ఉన్న చుట్టుపక్కలే తిరగబెడుతుంది. అందుకే రొమ్మంతటికీ రేడియేషన్ ఇచ్చాక ఆ చోటికి కొసరుగా మరికొంత ఇస్తారు, ముఖ్యంగా వయసు తక్కువ వాళ్లకు. వయసు పైబడి, గడ్డ చిన్నదై, జబ్బు మెతకదైతే ఆ చోటొక్కదానికే ఇచ్చి ఊరుకోవడం కూడా ఉంది. ఆపరేషన్ బల్ల మీదే, గడ్డ తీసిన గుంతలో ఒక్కసారి ఇచ్చి ముగించే పద్ధతీ ఉంది, కానీ అందరికీ కాదు.

ఎన్టీఆర్ భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో పోయాక ఆమె పేరిట హైదరాబాదులో ఆసుపత్రి కట్టాలన్న సంకల్పానికి వెనక నిలిచినవాళ్లలో నోరి ఒకరు. అది 2000 జూన్ 22న ప్రధాని వాజ్‌పేయి చేతుల మీదుగా తెరుచుకుంది. (కీమోలోనూ తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తెచ్చిన మెథోట్రెక్సేట్, 1976లో మిలాన్ డాక్టర్లు రొమ్ము క్యాన్సర్‌లో ఆపరేషన్ తర్వాత ఇచ్చి పేరు తెచ్చిన మూడు మందుల కలయికలో ఒకటి.)

ఇరవై ఐదు, పదిహేను, ఐదు

అసలు కథ ఇక్కడుంది. రోజుకు కొంచెం అన్న సూత్రం గొంతు క్యాన్సర్ల మీద పుట్టింది. అవి వేగంగా విడిపోయే రకం. రొమ్ము క్యాన్సర్ కూడా అలాగే నడుచుకుంటుందని అందరూ అనుకున్నారు. బ్రిటన్‌లో జాన్ యార్నల్డ్ లాంటి కొందరు డాక్టర్లకు మాత్రం అనుమానం వచ్చింది. రొమ్ము క్యాన్సర్ కణాలు చాలావరకు నిదానస్తులు. నిదానస్తులైతే రాత్రిపూట అతుకులు వేసుకునే తీరిక వాటికీ ఉంటుంది కదా? అదే నిజమైతే చిన్న చిన్న దెబ్బలుగా పంచి ఇచ్చే దయ మన కణాలకు ఎంత అందుతోందో శత్రువుకీ ఇంచుమించు అంతే అందుతోంది. అప్పుడు 25 రోజులు లాగడం వల్ల ఒరిగేదేమిటి?

పెద్ద దెబ్బలకు భయపడటానికి కారణం లేకపోలేదు. అదే బ్రిటన్‌లో 1980ల్లో రేడియేషన్ తీసుకున్న కొందరు మహిళలకు తర్వాతి కాలంలో చేతి నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడింది. వాళ్లు 1991లో సంఘం పెట్టి పోరాడారు. సిట్టింగుల సంఖ్య తగ్గించి మొత్తం మోతాదును తగినంత తగ్గించకపోతే ఏమవుతుందో చూపిన అనుభవాల్లో అదొకటి. అందుకే ఊహతో కాక, కొలిచి తేల్చాలన్నారు.

కెనడాలో 1993 నుంచి 1996 దాకా 1,234 మందిని చేర్చుకుని, సగం మందికి 25 రోజులు, సగం మందికి 16 రోజులు ఇచ్చారు. పదేళ్లకు తిరగబెట్టింది 25 రోజుల వాళ్లలో 100కి 6.7 మందికి, 16 రోజుల వాళ్లలో 6.2 మందికి. తేడా లేనట్టే. బ్రిటన్‌లో 15 రోజుల్లో 40 గ్రేలు ఇచ్చి చూశారు. ఫలితం అంతే, పైగా చర్మం, రొమ్ము గట్టిపడటం తక్కువ. ఆ ధైర్యంతో ఇంకో అడుగు వేశారు. 4,096 మందితో చేసిన పరీక్షలో ఒక జట్టుకు 26 గ్రేలను ఐదే ఐదు రోజుల్లో ఇచ్చారు. 2020లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. 15 రోజులకు ఐదు రోజులు తీసిపోలేదు. అప్పుడే కరోనా వచ్చింది, ఆసుపత్రికి ఎంత తక్కువసార్లు వస్తే అంత మేలన్న రోజులు, చాలా దేశాలు దాన్ని వెంటనే అందుకున్నాయి.

50, 40, 26. అంకెలు తగ్గుతున్నాయి కదా, చికిత్స పలుచనవుతోందేమో అనిపిస్తుంది. కాదు. ఒక్కో దెబ్బ పెద్దదయ్యేకొద్దీ దాని కాటు లెక్కకు మించి పెరుగుతుంది, జంట తెంపులు ఒకదానికొకటి తోడై అతుకు దొరకదు. కాబట్టి అదే పని జరగడానికి మొత్తం తక్కువ చాలు. మొత్తాన్ని 50 దగ్గరే ఉంచి ఐదు రోజుల్లో ఇస్తే ఘోరం జరుగుతుంది.

ఐదు రోజులది ఇంకా అందరికీ వర్తించేది కాదు. చంక, మెడ గ్రంథులకూ రేడియేషన్ ఇవ్వాల్సినప్పుడు 15 రోజులే ఎక్కువచోట్ల నడుస్తోంది. మన దేశపు ఆడవాళ్ల మీదే ఐదునూ పదిహేనునూ పోల్చే పరీక్ష కోల్‌కతా టాటా మెడికల్ సెంటర్ ఆధ్వర్యంలో జరుగుతోంది.

గది లోపల

మొదటి రోజు కరెంటు పెట్టరు. సీటీ స్కాను తీసి కొలతలు వేస్తారు. వాలు బల్ల మీద పడుకోబెట్టి చెయ్యి తలమీదుగా ఎత్తించి కొక్కేనికి పట్టిస్తారు. చంకలో ఆపరేషన్ అయినవాళ్లకు ఇక్కడే ఇబ్బంది, చెయ్యి లేవదు. ఆపరేషన్ అయినప్పటి నుంచే గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయమని చెప్పేది ఇందుకే. చెయ్యి లేవక స్కాను వాయిదా పడ్డవాళ్లు ఉంటారు.

మెడలో ఏదీ ఉండకూడదంటారు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పదు, కొందరు బిళ్లలు తీసి ఉత్త పసుపుతాడు ఉంచుకుంటామంటారు. తాడు కిరణాల దారిలోకి రాకుండా ఉంటే చాలు, ముందే అడిగితే సిబ్బంది చెబుతారు. చర్మం మీద మార్కరుతో గీతలు గీస్తారు, లేదా ఆవగింజంత పచ్చబొట్టు చుక్కలు పెడతారు. గోడల్లోంచి వచ్చే లేజర్ గీతలు రోజూ ఆ చుక్కల మీద పడాలి. గీతలు చెరగకూడదు కాబట్టి ఒంటికి సబ్బు, నలుగు, పసుపు వద్దు. మన దగ్గర పసుపు రాయొద్దంటే నొచ్చుకునే పెద్దవాళ్లు ఉంటారు, వాళ్లకు కారణం చెబితే సరి.

అంతా సరిచూసి సిబ్బంది బయటికి పోతారు, మందపాటి తలుపు మూసుకుంటుంది. గదిలో ఒక్కరే. కెమెరాలో చూస్తుంటారు, పిలిస్తే వినపడుతుంది. యంత్రం తల ఒక పక్కకు తిరిగి ఆగి గుయ్‌మంటుంది, మళ్లీ రెండో పక్కకు తిరుగుతుంది. కిరణాలు ఎదురుగా ఛాతీలోకి రావు. రెండు పక్కల నుంచీ రొమ్మును ఏటవాలుగా రాసుకుంటూ పోతాయి. గుండె, ఊపిరితిత్తి వీలైనంత తప్పుకోవాలని ఈ ఏర్పాటు. నొప్పి లేదు, వాసన లేదు. దిగి బట్టలు కట్టుకుని ఇంటికి పోవచ్చు.

ఎడమ రొమ్మైతే ఇంకో జాగ్రత్త. స్వీడన్, డెన్మార్క్‌లలో 2,168 మంది వివరాలు చూసి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, గుండెకు సగటున చేరే ప్రతి గ్రేకూ తీవ్రమైన గుండెజబ్బు ముప్పు 7.4 శాతం పెరుగుతుంది. దానికి విరుగుడు ఊపిరి. నిండా గాలి పీల్చి బిగబడితే ఊపిరితిత్తి ఉబ్బి గుండెను ఛాతీ గోడ నుంచి వెనక్కు, కిందికి నెడుతుంది. 20 సెకన్లపాటు బిగబట్టిన ఆ గడువులోనే కిరణాలు విడుస్తారు. ఇంటి దగ్గర నాలుగు రోజులు సాధన చేసి వస్తే చాలామందికి వస్తుంది.

┌ ఇంట్లో వాళ్లు అడిగేవి ┐

మనవణ్ని ఎత్తుకోవచ్చా? ఎత్తుకోవచ్చు. బయటి యంత్రంతో ఇచ్చే కిరణాలు ఒంట్లో మిగలవు. లినాక్ అనే రేడియేషన్ యంత్రంలో రేడియోధార్మిక పదార్థమే ఉండదు. ఎలక్ట్రాన్లను వేగంగా టంగ్‌స్టన్ రేకుకు కొట్టించి ఎక్స్ కిరణాలు పుట్టిస్తారు. స్విచ్ కడితే అంతే సంగతులు. కోబాల్ట్ యంత్రంలో మూలం ఉంటుంది కానీ అది సీసపు పెట్టెలోనే ఉండిపోతుంది.

జుట్టు ఊడుతుందా? రొమ్ము రేడియేషన్‌తో తలమీద జుట్టు ఊడదు. ఊడేది కీమోతో.

ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి? చంక గ్రంథులు తీసిన చేతికి వాపు రావచ్చు. ఆ చేతికి బీపీ పట్టీ, సూదులు వీలైనంత వద్దు. పత్తి తీసేటప్పుడు, ముళ్లకంప కొట్టేటప్పుడు గీరుకోకుండా చూసుకోవాలి. ఎర్రబడి వేడిగా ఉంటే ఆలస్యం చేయకూడదు.

పథ్యం ఉందా? లేదు. మాంసం, గుడ్లు, పప్పు అన్నీ తినొచ్చు, తినాలి.

మధ్యలో పండగకు ఆపి మళ్లీ పోవచ్చా? చెప్పకుండా ఆపకూడదు. ఖాళీ ఎక్కువైతే క్యాన్సర్ కణాలకూ తేరుకునే గడువు దొరుకుతుంది.

└────────────┘

బస్సు లెక్క

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సుమారు 98 వేల మంది చనిపోయారు. ఆడవాళ్లలో ఇదే ఎక్కువగా వచ్చే క్యాన్సర్. వీళ్లలో పల్లెల వాళ్లకు రొమ్మును ఉంచే ఆపరేషన్ చేయాలా, మొత్తం తీసేయాలా అన్నది గడ్డ సైజును బట్టే తేలాలి. చాలాసార్లు అలా తేలదు. ‘ఐదు వారాలు వచ్చి పోగలరా?’ అన్న ప్రశ్నకు ‘లేమయ్యా’ అన్న జవాబుతో తేలుతుంది. నా దృష్టిలో అది వైద్య నిర్ణయం కాదు, బస్సు టైము చూసి చేసిన నిర్ణయం. చికిత్స ఖర్చు ప్రభుత్వ కార్డు మీద గడిచినా, ఊరుగాని ఊళ్లో గది అద్దె, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఇంటివాళ్ల నెత్తినే పడతాయి. సిట్టింగులు 25 నుంచి 15కు, 15 నుంచి 5కు తగ్గడం లండన్‌లో ఉన్నామెకు సౌకర్యం. చాగలమర్రి ఆమెకు అది రొమ్ము ఉండటమా పోవడమా అన్న ప్రశ్న.

ఇందులో ఒక మెలిక ఉంది. ఒక్కో సిట్టింగు బరువు పెరిగేకొద్దీ గురి తప్పడానికి చోటు తగ్గుతుంది. ఐదింటిలో ఒకటి పక్కకు పోయినా మొత్తంలో ఐదో వంతు పక్కకు పోయినట్టే. కాబట్టి తక్కువ రోజుల చికిత్సకు ఎక్కువ పకడ్బందీ యంత్రం, రోజూ కొలత సరిచూసే ఫిజిసిస్టు కావాలి. దగ్గర్లో ఏదో ఒక యంత్రం ఉంటే చాలదు. మంచిది ఒకటి వంద కిలోమీటర్ల అవతల ఉన్నా ఐదు రోజులకు అక్కడికి పోవడమే మేలు కావచ్చు.

పోయేముందు సర్దుకోవాల్సినవి కొన్ని. ఆపరేషన్ నోట్ కాపీ, అందులో గడ్డ తీసిన చోట టైటానియం క్లిప్పులు పెట్టారో లేదో రాసి ఉండాలి, కొసరు మోతాదుకు గురి అవే. ముక్క పరీక్ష రిపోర్టుతోపాటు ల్యాబులో దాచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోవాలి, కొత్త ఆసుపత్రి వాళ్లు మళ్లీ చూస్తామంటారు, అది లేక వెనక్కి తిరిగి పరుగెత్తినవాళ్లు చాలామంది. కీమో అయి ఉంటే మందుల పేర్లు, ఆఖరి డోసు తేదీ. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ఆ కార్డు. డాక్టరును అడగాల్సినవి రెండు: నాకు ఎన్ని సిట్టింగులు, ఆ లెక్క ఎందుకు? స్కాను తీసిన రోజుకూ మొదటి సిట్టింగుకూ మధ్య ఎన్ని రోజులు? ప్లాను తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజులకు గది అద్దె కట్టుకుంటూ అక్కడే కూర్చోనక్కర్లేదు, ఇంటికి వచ్చి పోవచ్చు. స్కాను గదిలో చర్మం మీద గీసిన గీతలు మాత్రం అప్పటిదాకా చెరగకూడదు.